కూర్చునే ఉద్యోగం

ఇప్పుడు మీరు చదవబోయేది ఒక మహాకావ్యం. ఇందులో రక్తం పారుతుంది. నీళ్ళ కోసం పోరాటం జరుగుతుంది. నిండు సభలో ఒక తల్లి మాట ఇచ్చేస్తుంది, దాన్ని నిలబెట్టే భారం బిడ్డ మీద పడుతుంది. చివర్లో ఒక సైన్యం కోటలోకి చొరబడుతుంది.

కాదులెండి. రక్తం పారేది ప్లాస్టిక్ గొట్టాల్లో. పోరాటం ఒక గుక్క నీళ్ళ కోసం. సభ అంటే బెంగళూరు చివర హెబ్బగోడిలో హార్డ్‌వేర్ షాపు పైన, రేకుల కప్పు కింద ఉన్న మా చర్చి. సైన్యం ఆ చర్చి స్త్రీల సమాజం, ఆయుధాలు అరటిపళ్ళు. కావ్యం రాసే ఓపిక నాకు లేదు. పొద్దున్నించి నిలబడే ఉన్నాను. జరిగింది జరిగినట్టు చెప్పేసి పడుకుంటాను.

మా అమ్మ నర్సు. ఒంగోలు వైపు ట్రైనింగ్ చేసి, పెళ్ళయ్యాక బెంగళూరు వచ్చి, అప్పట్నుంచీ ఒక ప్రసూతి ఆస్పత్రిలో నిలబడి ఉంది. పనిచేస్తోంది అనాలేమో. కానీ ఈరోజు డ్యూటీ ఎలా ఉందమ్మా అంటే ఆమె ఎప్పుడూ చెప్పేది ఒకటే: "ఏముంది, నిలబడ్డాను."

ఇంటికి రాగానే యూనిఫాం కూడా మార్చకుండా చాప మీద వెల్లకిలా పడుకుని కాళ్ళు రెండూ గోడకి ఆనిస్తుంది. పిక్కల మీద నరాలు ఉబ్బి, నల్లగా మెలికలు తిరిగి, ఎప్పటికీ పూర్తికాని మెట్రో లైన్ల మ్యాపులా ఉంటాయి. గోడ మీద రెండు మడమల మచ్చలు పడిపోయాయి. పెయింటు సంగతి చూడ్డానికొచ్చిన ఓనరు అవేంటని అడిగితే, "పరిశుద్ధ పాదాలండీ, దర్శనానికి టికెట్ లేదు" అన్నాను. అమ్మ నవ్వలేదు. కాళ్ళూ దించలేదు.

నాన్న ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్లో స్టోర్స్ చూసుకుంటాడు. ఈ కథలో ఆయన పని తలూపడం. అది బాగా చేస్తాడు.

సెకండ్ పీయూసీ, అంటే ఇక్కడి ఇంటర్, అయ్యాక నేను నీట్ రాశాను. ర్యాంకు వచ్చింది. రాసినవాళ్ళందరికీ వస్తుంది. కొన్నాళ్ళు ఇంట్లో ఎవరూ ఆ ఊసెత్తలేదు. నాన్న అప్పుడప్పుడూ నా వైపు చూసి తలూపేవాడు.

అప్పుడే కాలేజీ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. హోసూరు రోడ్డు మీద ఒక పెద్ద ప్రైవేటు ఆస్పత్రిలో, వైద్యరంగంలో ఎలాంటి ఉద్యోగాలుంటాయో విద్యార్థులకి దగ్గరుండి చూపిస్తారట. డాక్టరూ నర్సూ కాక బోలెడు పనులున్నాయని, ఒక్కో విభాగంలో కొన్నాళ్ళు తిప్పుతారట. అసలు సంగతి మెసేజ్ చివర్లో ఉంది. ఆ ఆస్పత్రికే ఒక ట్రైనింగ్ కాలేజీ ఉంది. తిరగడం అయిపోయాక ఏ విభాగం ఇన్‌ఛార్జి అయినా 'ఈ అమ్మాయిని మా దగ్గరికి పంపండి' అంటే అందులో సీటు, చదువుతూనే పని. ఎవరూ అనకపోతే ఒక సర్టిఫికెట్, ఒక గ్రూప్ ఫోటో.

"వెళ్ళు," అంది అమ్మ గోడ మీద కాళ్ళు దించకుండానే. "అన్నీ చూడు. చూసి, కూర్చునే పని ఎంచుకో."

"కూర్చునే పని అంటే?"

"కుర్చీ ఉన్నది. ఇన్నేళ్ళు వార్డులో అందరూ కూర్చోవడం చూశాను. బాలింతల అత్తలు కూర్చుంటారు, డాక్టర్లు కూర్చుంటారు, ఆఖరికి క్యాంటీన్ పిల్లి వచ్చి నా స్టూలు మీద కూర్చుంటుంది. నువ్వూ కూర్చోవాలి."

"అయితే డాక్టరే అవ్వాలి."

"నీ ర్యాంకుకి ఆ కుర్చీ తుడవనిస్తారు. కూర్చోనివ్వరు."

మా ఇంట్లో జోకులన్నీ నావేనని బయట అనుకుంటారు.

అలా నా మెడలో 'స్టూడెంట్ అబ్జర్వర్' అనే బ్యాడ్జి పడింది. దాని అర్థం: దేన్నీ ముట్టుకోకు, దేనికీ అడ్డం రాకు. మొదటిది నేను చెయ్యగలిగాను. రెండోది ఆస్పత్రిలో ఎవరివల్లా కాదు, ఎందుకంటే అక్కడ అడ్డం కాని చోటు లేదు.

మిగతా పిల్లలు మనసుకి నచ్చే రంగం వెతుక్కుంటున్నారు. నేను కుర్చీలు వెతుక్కుంటున్నాను. ల్యాబులో స్టూళ్ళున్నాయి, వీపు ఆనించడానికి ఏమీ లేదు. ఎక్స్‌రే గదిలో మంచి కుర్చీ ఉంది గానీ అందులో సీసపు ఏప్రాన్ కూర్చుని ఉంటుంది, దాన్ని లేపే బలం నాకు లేదు. ఫిజియోథెరపీలో కూర్చోవడానికి పెద్ద రబ్బరు బంతి ఇచ్చారు. కూర్చున్నాను. ఆ సంగతి వదిలేద్దాం. ఆపరేషన్ సామాన్లని కడిగి ఆవిరి పట్టే విభాగంలో ఒక్క కుర్చీ కూడా కనపడలేదు, బహుశా వాటినీ ఆవిరి పట్టేసి ఉంటారు.

చివరికి మెడికల్ రికార్డ్స్ దొరికింది. బేస్‌మెంటులో ఏసీ గది. వీపుకి, మెడకి, మోచేతులకి కూడా ఆనుకునే ఏర్పాటున్న కుర్చీలు. అక్కడి పెద్దమనిషి కుర్చీలోంచి లేవకుండానే కాలితో నేలని తోసుకుంటూ గదంతా తిరిగేస్తున్నాడు. ఒక బీరువా దగ్గర ఫైలు తీసి, అలాగే జారుకుంటూ ఇంకో బీరువా దగ్గరికి వెళ్ళిపోతున్నాడు.

"మీరు అస్సలు లేవరా సార్?"

"యాకమ్మా?" అన్నాడు, ఎందుకు లేవాలో నిజంగానే అర్థంకాక.

ఆ సాయంత్రం అమ్మకి ఆ కుర్చీని వర్ణించాను. చక్రాలు, ఎత్తు పెంచే లివరు, వెనక్కి వాలే సదుపాయం. ఎవరో పాట పాడుతున్నట్టు కళ్ళు మూసుకుని వింది. "అదే," అంది. "అదే తీసుకో." కూరగాయల బండి దగ్గర సొరకాయ చూపించినట్టు.

ఆ రోజు శనివారం కావడమే చిక్కయింది.

మా చర్చిలో ప్రసంగానికి ముందు సాక్ష్యాల సమయం ఉంటుంది. దేవుడు ఏదైనా మేలు చేస్తే లేచి మైకులో చెప్పుకోవాలి. జ్వరం తగ్గిందని, అద్దె ఇల్లు దొరికిందని, పోయిన బండి దొరికిందని. అందరికీ తెలిసిన వరస ఏమిటంటే మేలు ముందు జరగాలి, సాక్ష్యం తర్వాత రావాలి. మామూలుగా మైకు దగ్గరికే వెళ్ళని మా అమ్మ ఆ ఆదివారం లేచి, కాళ్ళ నొప్పికి మైకు స్టాండునే ఊతంగా పట్టుకుని, "నా బిడ్డకి దేవుడు మెడికల్‌లో సీటిచ్చాడు. కూర్చునే ఉద్యోగం. మీ అందరి ప్రార్థనలకి వందనాలు" అంది.

రేకులు అదిరేలా స్తోత్రం అన్నారు. నేను పాటల పుస్తకం తెరిచి విషయసూచిక చదువుకున్నాను. బాగా రాశారు.

ఆరాధన అయ్యాక మెట్లు దిగుతుంటే ఒక ఆంటీ నన్ను పక్కకి పిలిచి మోకాలు చూపించింది. ఇంకొకామె ఫోన్లో షుగర్ రిపోర్టు తీసి నా మొహం ముందు పెట్టింది. గేటు దాటేసరికి నేను డాక్టర్నైపోయాను. ఆరు సంవత్సరాల చదువు ఒక మెట్ల వరసలో పూర్తి చేసినందుకు నాకే కాస్త గర్వంగా అనిపించింది.

"అమ్మా, నాకింకా ఎవరూ ఏమీ ఇవ్వలేదు," అన్నాను రోడ్డు మీదికొచ్చాక. "ఆ బ్యాడ్జి కూడా రోజూ సాయంత్రం తిరిగిచ్చెయ్యాలి."

"విశ్వాసంతో ముందే చెప్పాను."

"రాకపోతే?"

అమ్మ ఆటో కోసం రోడ్డు చివరిదాకా చూసింది. "రాకపోతే ఆ మెట్లు మళ్ళీ ఎక్కను," అంది. గొంతు పెంచలేదు. బియ్యం అయిపోయాయని చెప్పినట్టు చెప్పింది.

అమ్మకి డ్యూటీ, ఇల్లు కాక ఉన్నది ఆ చర్చి ఒక్కటే. వారం మొత్తంలో ఎవరూ పిలవకుండా, ఏ గంటా మోగకుండా ఆమె కూర్చునేది ఆ ప్లాస్టిక్ కుర్చీలో, ఆ రెండు గంటలే. నాకు సీటు రాకపోతే ఆ కుర్చీ కూడా పోతుంది.

సోమవారం పొద్దున్నే రికార్డ్స్ పెద్దమనిషి దగ్గరికి వెళ్ళి, నన్ను తీసుకుంటారా అని నేరుగా అడిగాను. కుర్చీలోంచి లేవకుండానే చెప్పాడు. ఫైళ్ళన్నీ కంప్యూటర్లోకి ఎక్కించేస్తున్నారట. కొత్తవాళ్ళని తీసుకోవడం ఆపేశారట. ఆయన రిటైరైతే ఆ కుర్చీ కూడా తీసేస్తారట. ఇదంతా చెప్పి, ఆ కుర్చీలోనే వెనక్కి జారుకుంటూ బీరువాల మధ్యకి వెళ్ళిపోయాడు.

ఇక నాకు మిగిలింది ఒక్కటే విభాగం. డయాలసిస్.

తెలియనివాళ్ళకి చెప్తున్నాను. కిడ్నీలు పని మానేసినవాళ్ళు వారంలో రెండు మూడుసార్లు వచ్చి, వచ్చినప్పుడల్లా నాలుగేసి గంటలు మెషీన్ పక్కన పడుకోవాలి. ఒంట్లో రక్తం ఒక గొట్టంలో బయటికొచ్చి, శుభ్రమై, ఇంకో గొట్టంలో లోపలికి పోతుంది. నేను కళ్ళు తిరిగి పడతానని అక్కడి సిస్టర్ ముందే మంచినీళ్ళ సీసా పట్టుకుని నిలబడింది. నాకు నిద్రొచ్చింది. వాషింగ్ మెషీన్ ముందు నిలబడితే ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది.

కుర్చీ ఉంది. ఒకటి. దానికి ఒక చక్రం లేదు. దాని మీద ఉతికిన దుప్పట్లు పెడతారు.

ఇన్‌ఛార్జి నడివయసు మనిషి. కాటన్‌పేటలో తరాలుగా స్థిరపడ్డ తెలుగు వ్యాపారస్తుల ఇంట్లో పుట్టి, కొట్లో కూర్చోవడం ఇష్టం లేక ఇక్కడికొచ్చి నిలబడ్డాడు. ఈ మాట అమ్మకి చెబితే చాలాసేపు నమ్మలేదు. ఆయన మాట్లాడేది తెలుగే గానీ అందులో మూడోవంతు కన్నడం.

"ఈడ పని ఒకటే ఉండాదమ్మా," అన్నాడు మొదటిరోజు. "మెషీన్ పని మెషీన్ చేస్తాది. మనం 'బేడ' అని చెప్పాల. అంటే వద్దని. నీళ్ళు బేడ, ఉప్పు బేడ, అరటిపండు బేడ, ఎళనీరు బేడ. దినమంతా అదే."

కిడ్నీలు పనిచెయ్యనప్పుడు తాగిన నీళ్ళు ఒంట్లోనే ఉండిపోయి ఊపిరితిత్తుల దాకా ఎక్కుతాయి. అరటిపండులోనూ ఎళనీరులోనూ, అంటే కొబ్బరినీళ్ళలోనూ, పొటాషియం ఎక్కువ. అది బయటికి పోయే దారిలేక రక్తంలో పేరుకుంటే గుండె ఆగిపోవచ్చు. మామూలు రోగిని చూడ్డానికెళ్తూ మనం పట్టుకెళ్ళేవన్నీ వీళ్ళకి విషం. ఈ సంగతి బొమ్మలతో సహా ఒక పెద్ద బోర్డు మీద రాసి పెట్టారు. ఆ బోర్డు తలుపు వెనక గోడకి ఉంది. తలుపు తెరిస్తే కనపడదు.

కిటికీ పక్క మంచం ఒక సెంట్రింగ్ మేస్త్రిది. అనంతపురం జిల్లా మనిషి. ఈ చుట్టుపక్కల సగం అపార్టుమెంట్లకి స్లాబు వేసింది తనేనంటాడు. మిగతా సగం గురించి అడిగితే అవి కురుస్తాయంటాడు.

"పాపా, ఒక గుక్క నీళ్ళియ్యి."

"కుదరదు పెద్దాయనా."

"అర గుక్క."

"నోరు పుక్కిలించి ఊసెయ్యండి, తెస్తాను."

"ఊసేదానికి నీళ్ళుండాయి, మింగేదానికి లేవా? ఇదేం న్యాయం? నా కింద పన్జేసినోళ్ళకి నేనెప్పుడన్నా నీళ్ళు లేవన్నానా?"

"వాళ్ళ కిడ్నీలు బాగున్నాయి."

"నీ నోరు బాగుండాది. నిన్ను చేసుకునేవాడు దప్పికతోనే పోతాడు."

అతను వచ్చిన రోజుల్లో నాలుగు గంటలూ ఇదే. అతను అడుగుతాడు, నేను వద్దంటాను. దాహం తీరదు గానీ టైం గడుస్తుంది. మధ్యలో ఒకసారి ఏ మాటా లేకుండా కిటికీలోంచి ఎదురుగా కడుతున్న బిల్డింగు వైపు చూస్తూ పడుకున్నాడు. ఏమైందని అడిగితే, "ఆ సెంట్రింగ్ వంకర ఉండాది" అన్నాడు. నాకు వంకరేమీ కనపడలేదు. అతనికి పైకెక్కి చూసే రోజులు అయిపోయాయి. ఇద్దరం కాసేపు ఆ వంకరనే చూశాం.

ఇన్‌ఛార్జి మాత్రం నా గురించి మంచీ చెడూ ఏమీ అనలేదు. నాతోపాటు ఆ విభాగంలో తిరుగుతున్నవాళ్ళు ఇంకొందరున్నారు, అందరూ నాకంటే మెలకువగా కనిపిస్తారు. ఎవరిని తీసుకుంటాడో చివరిరోజు సాయంత్రం చెప్తానన్నాడు.

ఆ చివరిరోజు మధ్యాహ్నమే సైన్యం దిగింది.

మా స్త్రీల సమాజానికి ఒక అలవాటుంది. సంఘంలో ఎవరింట్లోనైనా మేలు జరిగితే, కృతజ్ఞతగా ఆస్పత్రికెళ్ళి రోగులకి పళ్ళు పంచి, ప్రార్థన చేసి వస్తారు. ఎప్పుడూ ప్రభుత్వాస్పత్రికి వెళ్తారు. ఈసారి మేలు మా ఇంటిది కాబట్టి నేనున్న చోటికే రావాలనుకున్నారు. నన్ను ఆశ్చర్యపరచాలని నాకు చెప్పలేదు. అమ్మకి చెబితే నాకు చెప్పేస్తుందని అమ్మకీ చెప్పలేదు. అమ్మకి చెప్పి ఉంటే ఆ గెలలు ఆటో ఎక్కేవే కావు.

అది విజిటింగ్ టైం. గేటు దగ్గర సెక్యూరిటీ మనిషితో 'లోపల మా డాక్టరమ్మాయి ఉంది' అన్నారట. డయాలసిస్ గది బయట చెప్పులు విడవాలని బోర్డుంది. వరసగా, జతలు చెదరకుండా, చక్కగా విడిచారు. అంత పద్ధతిగా చెప్పులు విడిచినవాళ్ళని ఎవరాపుతారు? తలుపు తెరిచారు. బొమ్మల బోర్డు తలుపు వెనక్కి వెళ్ళిపోయింది.

ఆ సమయానికి ఇన్‌ఛార్జి వెనకవైపు, మెషీన్లకి శుద్ధమైన నీళ్ళిచ్చే నీళ్ళ ప్లాంటు గదిలో ఉన్నాడు. సిస్టర్ మూల మంచం దగ్గర కూత పెడుతున్న మెషీన్‌తో తంటాలు పడుతోంది. నేను దుప్పట్లకని లాండ్రీకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ప్రతి మంచం మీదా ప్రతి చేతిలో ఒక చిన్న ఏలక్కి రకం అరటిపండు. గది మధ్యలో మా పాస్టరమ్మగారు, అంటే పాస్టరుగారి భార్య, తలమీద కొంగు కప్పుకుని, కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టి ఉన్నారు. ఆమె చుట్టూ మిగతా ఆంటీలు. రోగులు కూడా మర్యాదగా కళ్ళు మూసుకున్నారు.

ప్రార్థన మధ్యలో ఆపకూడదు. మా ఇంట్లో నేర్పిన మొదటి మర్యాద అది. చిన్నప్పుడు ఒకసారి తుమ్మినందుకు చూసిన చూపులు ఇంకా గుర్తున్నాయి. సరే, ఆపలేదు. దుప్పటి ఒకటి విప్పి జోలెలా పట్టుకుని, ఈ చివర మంచం నుంచి మొదలుపెట్టి, కళ్ళు మూసుకున్నవాళ్ళ చేతుల్లోంచి ఒక్కొక్క అరటిపండూ తీసుకోవడం మొదలుపెట్టాను. ఒకరిద్దరు వదల్లేదు. చెవి దగ్గర "బేడ" అన్నాను. వదిలారు.

పాస్టరమ్మగారి ప్రార్థన పొడుగు. దాని మీద నేను ఇంట్లో చాలా జోకులు వేశాను. ఇంకాస్త పొడుగుంటే బావుణ్ణని మొదటిసారి అనిపించింది. ఆమె రోగులను దాటి, డాక్టర్లను దాటి, దేశనాయకుల దగ్గరికి వచ్చేసరికి నేను కిటికీ పక్కకి చేరాను.

మేస్త్రి ఒక కన్ను తెరిచే ఉంచాడు. పండు ఒలిచేశాడు.

"దేవుడిచ్చింది లాక్కుంటావా పాపా?" అన్నాడు గుసగుసగా.

"దేవుడు మీ ఫైలు చూడలేదు. ఇటివ్వండి."

"సగం తిన్యా."

"మిగతా సగం ఇవ్వండి."

"నీళ్ళు లేవంటివి. పండూ లేదంటివి. ఇంగ నువ్వు నాకిచ్చేదేంది?"

"గురువారం మళ్ళీ రమ్మని డేటిస్తాను."

రెండో కన్ను కూడా తెరిచి నన్ను చూశాడు. మిగిలిన సగం నా జోలెలో వేశాడు.

ఆమెన్ అన్నారు. అందరూ కళ్ళు తెరిచారు. రోగుల చేతులు ఖాళీగా ఉన్నాయి, గది మధ్యలో నేను దుప్పటి నిండా అరటిపళ్ళతో నిలబడి ఉన్నాను. దొంగతనం ఇంత స్పష్టంగా చేసినవాళ్ళు తక్కువ.

"ఏంటి తల్లీ ఇది?" అన్నారు పాస్టరమ్మగారు.

"వెనక్కి తీసుకున్నానండీ. వీళ్ళు అరటిపండు తినకూడదు."

"ప్రార్థన చేసిన పళ్ళమ్మా అవి."

"అవునండీ. పొటాషియంకి ఆ సంగతి తెలీదు."

"అరటిపండు తింటే ఎవరైనా పోతారా?" అంది మోకాలు చూపించిన ఆంటీ.

"వీళ్ళు పోవచ్చండీ."

మూల మెషీన్ కూత ఆపేసింది. సరిగ్గా అప్పుడే ఇన్‌ఛార్జి చేతులు తుడుచుకుంటూ వెనక గదిలోంచి వచ్చి, కాళ్ళకి చెప్పుల్లేని ఆడవాళ్ళనీ నన్నూ నా జోలెనీ చూశాడు.

"యారమ్మా వీళ్ళంతా?"

"మా చర్చివాళ్ళు సార్. నాకు సీటొచ్చిందని దేవుడికి కృతజ్ఞతలు చెప్పడానికొచ్చారు."

"యావ సీటు?"

అంతే. మైకులో చెప్పిందంతా ఆ రెండు మాటలకి నేలమట్టమైంది. ఆంటీలందరూ నా వైపు తిరిగారు. అమ్మ ఇంక ఎక్కనన్న మెట్లు నాకు కనిపించాయి.

"ఇంకా రాలేదు సార్," అన్నాను. "వస్తుందని."

ఇన్‌ఛార్జి ఆ సంగతి తనకి సంబంధించింది కానట్టు, "ఎవరన్నా తిన్నారా?" అన్నాడు.

"ఒకాయన. సగం."

మేస్త్రి బడిలో పిల్లాడిలా చెయ్యెత్తాడు.

"మెషీన్ మీద ఇంకా రెండు గంటలుండాడు కదా, అదే లాగేస్తాది. ఇంటికి తీసకపోయేవి చూడు. దిండ్ల కింద వెతికితివా?"

వెతకలేదు. వెతికాను. ఒక్కొక్కరూ ఇంటికని ఇంకోటి దాచుకున్నారు. సంచుల్లో, దిండ్ల కింద, ఒకాయన రుమాలులో చుట్టి. మేస్త్రి దుప్పటి కింద రెండు దొరికాయి.

"అవి నా మనమడికి."

"మనవణ్ణి తీసుకురండి. ఇక్కడే నా ముందు తింటాడు."

"పోలీసోళ్ళు నయం," అన్నాడు.

ఆంటీలు చప్పుడు చెయ్యకుండా బయటికెళ్ళి చెప్పులు వేసుకుంటున్నారు. పళ్ళ సంచి ఇవ్వడానికి నేనూ వెళ్ళాను.

"కాళ్ళూ చేతులూ విరిగినవాళ్ళు ఏ అంతస్తులో ఉంటారు తల్లీ?" అన్నారు పాస్టరమ్మగారు. ఆమె ఓటమి ఒప్పుకునే మనిషి కాదు.

"రెండో అంతస్తండీ."

"వాళ్ళు తినొచ్చా?"

"తినొచ్చు. షుగరుందేమో అడిగి ఇవ్వండి. ముందు అక్కడి సిస్టర్ని కూడా అడగండి."

తలూపి, మిగతావాళ్ళని ముందు నడవమని, నా దగ్గరికి జరిగారు. "అయితే మీ అమ్మ ముందే చెప్పేసిందన్నమాట."

"అవునండీ. విశ్వాసంతో."

సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు. "మా పెద్దాడు బీకామ్ పాసయ్యాడని నేను మైకులో చెప్పాను, గుర్తుందా?"

"గుర్తుందండీ. కేకు కూడా పంచారు."

"వాడింకా రాస్తున్నాడు," అన్నారు. "మీ అమ్మతో ఏమీ అనకు. ఆదివారం రమ్మను." లిఫ్టు వైపు వెళ్ళిపోయారు.

సాయంత్రం ఇన్‌ఛార్జి నన్ను నీళ్ళ ప్లాంటు గదిలోకి పిలిచాడు. పెద్ద పెద్ద ట్యాంకులు, పైపులు, గుర్రుమనే మోటారు. తిట్టడానికి బాగుంటుంది, బయటికి వినపడదు.

"ప్రార్థన నడుస్తా ఉండంగానే పళ్ళు తీసేసుకున్నావంట. సిస్టర్ చెప్పె."

"అవును సార్."

"వాళ్ళు మీవాళ్ళేనా?"

"మావాళ్ళే. ఊహ తెలిసినప్పట్నుంచీ."

"చూడమ్మా. పేషెంటుకి బేడ అని చెప్పేవాళ్ళు నాకు శానామంది దొరుకుతారు. సొంతోళ్ళకి బేడ అని చెప్పేవాళ్ళు దొరకరు. మా అన్నకే నేను ఇప్పటిదాకా ఒక్కసారి చెప్పలేకపోతిని. వస్తావా?"

నా జీవితంలో ఇప్పటివరకూ ఇదే పెద్ద ఘట్టం. మోటారు చప్పుడుకి సగమే వినపడి, "ఆఁ?" అన్నాను. ఆయన ఇంకోసారి అడిగాడు. వస్తానన్నాను. ఆ తర్వాత, అడక్కపోతే ఇంటికి వెళ్ళలేను కాబట్టి అడిగాను:

"సార్, అక్కడ కుర్చీ..."

"దాంట్లో కూర్చోబాకు. పడిపోతావు."

ఇంటికెళ్ళేసరికి అమ్మ చాప మీదే ఉంది, కాళ్ళు గోడ మీదే ఉన్నాయి. సీటొచ్చిందని చెప్పాను. స్తోత్రం అంది, కళ్ళు మూసుకుని, మెల్లగా, మైకు అక్కర్లేనంత మెల్లగా. అరటిపళ్ళ సంగతి చెబితే లేచి కూర్చోబోయి, ఎవరికీ ఏమీ కాలేదని తెలిశాక మళ్ళీ పడుకుంది. పాస్టరమ్మగారు ఆదివారం రమ్మన్నారని చెప్పాను. బీకామ్ సంగతి చెప్పలేదు.

"మరి కుర్చీ?" అంది చివరికి.

"ఒకటుందమ్మా. మూడు చక్రాలు."

"రోగులు?"

"వాళ్ళు పడుకుంటారు. మనం చుట్టూ తిరుగుతూ ఉండాలి."

"నిలబడే పనే."

"నిలబడే పనే."

గుమ్మంలో నాన్న తలూపాడు. అమ్మ చాలాసేపు పైన ఫ్యాన్ వైపు చూస్తూ ఉండిపోయింది. ఏడుస్తుందేమోనని నేను ఒక జోకు సిద్ధం చేసుకున్నాను. అవసరం రాలేదు.

"బిగుతుగా ఉండే సాక్సులుంటాయి, మోకాలి దాకా," అంది. "మొదటిరోజు నుంచే వేసుకో. నేను వేసుకోలేదు."

చాప మీద కొంచెం పక్కకి జరిగింది. నేనూ పడుకుని గోడకి కాళ్ళు ఆనించాను. చల్లగా ఉంది. ఈసారి ఓనరొస్తే నాలుగు మచ్చలకి సమాధానం చెప్పాలి.

మర్నాడు పాస్టరమ్మగారు ఫోన్ చేశారు. వచ్చే ఆదివారం సాక్ష్యం నేనే స్వయంగా మైకులో చెప్పాలట. అమ్మ నన్నడక్కుండా ఒప్పేసుకుంది. మళ్ళీ ముందే. నాకు ఇస్త్రీ చేసిన చుడీదార్, తనకి పెళ్ళిళ్ళకి కట్టే చీర బయటికి తీసిపెట్టింది. సెంట్రింగ్ మేస్త్రికి చెబితే, మైకులో తన పేరు కూడా చెప్పమన్నాడు, ఆ సగం పండు సంగతి మాత్రం వద్దన్నాడు.

డ్యూటీ చార్టు శుక్రవారం ఫోనుకొచ్చింది. ఆదివారం డయాలసిస్ ఉండదు; ఆ రోజు నీళ్ళ ప్లాంటు కడుగుతారు. కడిగేది ట్రైనీలు. నా వారపు సెలవు మంగళవారం.